ఒక్కో ఇంజినుకు రెండేసి ఫ్యాన్లు ఎందుకు?

ప్రశ్న: నమస్కారం సార్. మొన్న సెలవుల్లో అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలతో వైజాగ్ వెళ్లి బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమానం మ్యూజియం చూశాం. ఐదేళ్ల పాప పది నిమిషాలకే ఐస్‌క్రీమ్ కోసం ఏడుపు మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ల బాబు మాత్రం ఒక్కో ఇంజినుకు ఒకదాని వెనక ఒకటి రెండు ఫ్యాన్లు ఎందుకని అడిగాడు. నేనూ మావారూ ఇద్దరం ఇంజినీర్లమే అయినా చెప్పలేకపోయాం. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో కిందే కూర్చుండిపోయారు. చివరికి ఫొటోలు తప్ప ఏమీ మిగల్లేదు. మన హైదరాబాద్‌లో పిల్లలకు విమానాలు ఎక్కడ చూపించవచ్చు? ఈసారి ఎలా ప్లాన్ చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కొంపల్లి

జవాబు: అమ్మా, మీ బాబు ప్రశ్న చదివి ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. 28 ఏళ్లు వైమానిక దళంలో విమానాలు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ని. ముందు వాడికి జవాబు చెబుదాం.

వాటిని ప్రొపెల్లర్లంటాం. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది. ఎందుకో మీ వంటింట్లోనే చూపించవచ్చు. గిన్నెలో మజ్జిగ పోసి, కవ్వాన్ని ఒకేవైపు తిప్పమనండి. మజ్జిగంతా సుడి తిరుగుతుంది. ముందు ప్రొపెల్లర్ కూడా గాలిని వెనక్కి నెడుతూనే ఇలా సుడి తిప్పేస్తుంది. విమానాన్ని ముందుకు తోసేది వెనక్కి పోయే గాలి. సుడికి ఖర్చయిన బలం దండగే. ఇప్పుడు కవ్వాన్ని ఎదురువైపు తిప్పమనండి, సుడి ఆగిపోతుంది. వెనక ప్రొపెల్లర్ చేసేది అదే. గాలిని తిన్నగా చేసి, దండగయ్యే బలాన్ని కూడా తోపుగా మారుస్తుంది. మీరు చూసిన విమానానికి ఉన్న ఎన్‌కే-12 రకం ఇంజిన్ ఒక్కోదాని బలం సుమారు 15,000 హార్స్‌పవర్. అంత బలాన్ని ఒకే ప్రొపెల్లర్‌తో వాడుకోవాలంటే అది ఇంకెంతో పెద్దదిగా ఉండాలి.

ఇంజినుకు 8 బ్లేడ్లు, నాలుగు ఇంజిన్లకు 32. ఈసారి ఆ లెక్క పాపకు అప్పగించండి. పక్కన నానమ్మను కూర్చోబెట్టండి. అత్తగారు పైకి ఎక్కలేకపోయారని బాధపడకండి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ విమానాన్ని చూసింది ఎక్కువగా కింద నుంచే. చక్రాలు, పొట్ట, రెక్క వెనక అంచున కదిలే పలకలు, అన్నీ నేల మీద నుంచే బాగా కనిపిస్తాయి.

మామగారికి ఇంకో సంగతి చెప్పండి. జలాంతర్గాములను వెతికే ఈ రకం విమానాలు మన నౌకాదళంలో 1988 నుంచి 2017 దాకా 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరాయి. ఆ అంకె చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒక్కో బోల్టూ తడిమి చూసిన వాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

ఇక హైదరాబాద్ సంగతి. రెండేళ్లకోసారి బేగంపేట పాత విమానాశ్రయంలో వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన జరుగుతుంది. 2024 జనవరిలో ఎయిరిండియా తన మొదటి ఏ350 రకం ప్రయాణికుల విమానాన్ని జనానికి చూపించింది అక్కడే. సామాన్య జనాన్ని అనుమతించే రోజులు ముందే కనుక్కోండి. రన్‌వే దగ్గర నీడ ఉండదు కాబట్టి టోపీలు, నీళ్లు మర్చిపోవద్దు. నిజాం కాలంలో దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఎగిరిన చోటు అది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారేదాకా ఊరికి అదే ఎయిర్‌పోర్టు. ఎవరినైనా సాగనంపడానికి మామగారు అక్కడికి వెళ్లే ఉంటారు. ఆ కబుర్లు ఆయన్నే చెప్పనివ్వండి. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో 2019లో తెరిచిన అంతరిక్ష విభాగం కూడా ఉంది, రాకెట్ నమూనాలు బాబుకు నచ్చుతాయి.

ఎక్కడికి వెళ్లినా అన్నీ చూడాలన్న టెన్షన్ పెట్టుకోకండి. మా మనవరాలు నాలుగేళ్లప్పుడు ఓ పాత విమానం మీది రివెట్లు వేలితో తడుముతూ, “తాతా, ఇవి గుండీలా?” అంది. అవును, రేకుల చొక్కా ఊడకుండా పట్టుకునేవి అవేనన్నాను. అరగంట అక్కడే నిలబడి గుండీలు లెక్కపెట్టింది. ఆ రోజు ఇంకేమీ చూడలేదు, తిరిగి వచ్చేశాం. ఇప్పుడు దానికి పదిహేనేళ్లు, ఇంకా గుర్తుంది.

అన్నట్టు, మీది కొంపల్లి కదా, దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ మీకు దగ్గరే. పొద్దున్నే మేడ మీద చాప పరిచి కూర్చుంటే శిక్షణ విమానాలు కనిపించవచ్చు. వాటిలో పిలాటస్ పీసీ-7కి ప్రొపెల్లర్ ఒక్కటే. “మరి దీని సుడి సంగతో?” అని మీ వాడు తప్పకుండా అడుగుతాడు. ఒక్క ప్రొపెల్లర్ ఉన్న విమానం రన్‌వే మీద పరుగెత్తేటప్పుడు ఓ పక్కకు లాగుతుందనీ, పైలట్ కాలితో పెడల్ నొక్కి దాన్ని తిన్నగా ఉంచుతాడనీ చెప్పండి.