లక్షన్నర బడ్జెట్‌లో ఇరవై నాలుగు వేల లిక్విడ్ కూలర్ అవసరమా?

గుంటూరు బ్రాడీపేటలో ఏసీ లేని గదిలో ఆటలకోసం లక్షన్నర రూపాయల్లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటున్నానని, ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డి, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5070 అనుకున్నానని, అందులో రూ.24,000 పెట్టి తెర ఉన్న 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ (పంపుతో ద్రవాన్ని తిప్పి, ఫ్యాన్లున్న రేడియేటర్ ద్వారా ప్రాసెసర్ వేడిని తీసేది; 360 అన్నది రేడియేటర్ కొలత) తీసుకోవచ్చా అని మీరు అడిగారు. మీరు ఎంచుకున్న ప్రాసెసర్‌కు అంత కూలర్ వద్దు. నాలుగేళ్ల క్రితం అదే పని చేసి, తర్వాత లెక్క చూసుకున్నవాడిగా చెబుతున్నాను.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి పై గదిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. 2022లో రైజెన్ 9 5900ఎక్స్‌తో మెషీన్ కట్టించినప్పుడు, గంటల తరబడి రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేసే పని) నడుస్తుంది కదా అన్న ధైర్యంతో రూ.23,500 పెట్టి తెర ఉన్న కూలర్ కొన్నాను. ఆ తెర మీద మా అమ్మాయి దుర్గమ్మవారి బొమ్మ పెట్టింది. క్యాబినెట్ బల్ల కింద గోడవైపుకు తిరిగి ఉండటం వల్ల, దుమ్ము దులిపినప్పుడు తప్ప అమ్మవారి దర్శనం నాకు కాదు.

షాపులో ఐదు నిమిషాలు టెస్టు నడిపి, ఉష్ణోగ్రత 60 దాటలేదు చూడండి అన్నారు. అది నిజమే కానీ, లిక్విడ్ కూలర్‌లోని ద్రవం వేడెక్కి ఒక స్థాయిలో నిలబడటానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది కాబట్టి, ఐదు నిమిషాల పరీక్షలో ఏ లిక్విడ్ కూలరైనా గొప్పగానే కనిపిస్తుంది. పైగా ఆ షాపులో ఏసీ ఉంది. గాలితో చల్లబరిచేదైనా ద్రవంతో చల్లబరిచేదైనా గది ఉష్ణోగ్రత కంటే కిందికి తీసుకెళ్లలేదు. ప్రాసెసర్ గదికంటే ఎన్ని డిగ్రీలు పైన ఉండాలన్నది మాత్రమే దాని చేతిలో ఉంటుంది. గదికంటే 40 డిగ్రీలు పైన నిలబెట్టే కూలర్ ఉందనుకుందాం: ఏసీ గదిలో 26 ఉంటే ప్రాసెసర్ 66 దగ్గర ఉంటుంది, రోహిణి కార్తెలో మా పై గదిలో సాయంత్రం నాలుగింటికి 38 ఉంటే అదే పనికి 78 చూపిస్తుంది. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు మన పెద్దలు. ఈ పన్నెండు డిగ్రీల తేడాను ఎంత ఖరీదైన రేడియేటరూ పూడ్చలేదు.

ఇక మీ ప్రాసెసర్ సంగతి. 7800ఎక్స్3డికి కంపెనీ చెప్పేది 120 వాట్లే అయినా, ఆటల్లో అది సాధారణంగా అంతకంటే చాలా తక్కువే తీసుకుంటుంది. దాని అసలు ఇబ్బంది వేడి మోతాదు కాదు, వేడి బయటికి వచ్చే దారి: ఈ తరంలో అదనపు క్యాషీ మెమరీని (డేటాను చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీ), లెక్కలు చేసే కోర్లున్న చిప్ పైన పేర్చారు కాబట్టి, వేడి ఆ పొరను దాటుకుని పైకి రావాలి. పైన 240 రేడియేటర్ ఉన్నా 360 ఉన్నా లోపలి ఆ ఇరుకు మారదు. తర్వాత వచ్చిన 9800ఎక్స్3డిలో ఆ క్యాషీని కిందికి మార్చింది కూడా కొంతవరకు ఇందుకే. మీ చిప్ గరిష్ఠ పరిమితి 89 డిగ్రీలు; రెండు హీట్‌సింకులున్న (వేడిని లాగే లోహపు రేకుల దిమ్మెలు) మంచి ఎయిర్ కూలర్, అంటే ద్రవం లేకుండా ఫ్యాను గాలితోనే ప్రాసెసర్‌ను చల్లబరిచేది, గుంటూరు మే నెలలో కూడా ఆటల్లో దాన్ని ఆ పరిమితికి దిగువనే ఉంచగలదు.

ఇది నాకు తెలిసివచ్చింది కొన్న కూలర్ చెడిపోయాక. రెండో వేసవిలో పంపు నుంచి గులకరాళ్లు దొర్లుతున్నట్టు గరగరమని శబ్దం మొదలైంది. విప్పి చూస్తే, అమర్చినవారు రేడియేటర్‌ను క్యాబినెట్ ముందువైపు బాగా కిందికి దించి బిగించారు, దానికంటే పంపు ఎత్తులో పడింది. లోపలి గాలి బుడగలు ఎప్పుడూ ఎత్తైన చోటికే చేరతాయి కనుక, రేడియేటర్‌లో ఉండాల్సిన గాలి నేరుగా పంపులోకి వచ్చింది. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్ మధ్యలో పంపు ఆగిపోయింది. వారంటీకి పంపితే తిరిగి రావడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఈలోగా పని ఆగకూడదని రూ.3,600 పెట్టి జంట హీట్‌సింకుల ఎయిర్ కూలర్ ఒకటి తెచ్చి బిగించి, అదే రెండర్ నడిపితే ఐదు డిగ్రీలు ఎక్కువ చూపించింది. ఇరవై వేల తేడాకు ఐదు డిగ్రీలు! ఎయిర్ కూలర్‌లో చెడిపోవడానికి ఫ్యాను తప్ప మరొకటి లేదు, ఆ ఫ్యాను ఏ షాపులోనైనా దొరుకుతుంది.

కాబట్టి మీ లక్షన్నరలో కూలర్‌కు నాలుగైదు వేలు చాలు. మిగిలే పంతొమ్మిది వేలలో ముందుగా జాలీ ముఖం ఉన్న, మూడు ఫ్యాన్లతో వచ్చే క్యాబినెట్ చూడండి, ఎందుకంటే మీ మెషీన్‌లో అసలైన పొయ్యి 250 వాట్ల గ్రాఫిక్స్ కార్డే, దాని వేడి బయటికి పోకపోతే ఏ కూలరైనా ఆ వేడి గాలినే పీల్చుకుంటుంది. తర్వాత 600 వాట్లు ఇచ్చే యూపీఎస్ తీసుకోండి. ఈదురుగాలి వీచిన సాయంత్రం కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంకా మిగిలితే ఎస్‌ఎస్‌డీ పెంచుకోవచ్చు. ఆ గదిని చల్లబరచడానికి నీళ్లు పోసే కూలర్ వాడుతుంటే మాత్రం, దాని తడిగాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకుండా చూసుకోండి.

ఒకవేళ మనసు మార్చుకుని 253 వాట్ల దాకా తీసుకునే ఇంటెల్ ప్రాసెసర్ కోర్ ఐ9-14900కే లాంటిది ఎంచుకుంటే, అప్పుడు 360 రేడియేటర్ విలాసం కాదు, అవసరమే. అప్పుడు కూడా తెర లేని రకానికే వెళ్లండి. చల్లబరిచే శక్తి రెంటికీ దాదాపు ఒకటే, ఆరేళ్ల వారంటీ ఇచ్చే తెర లేని రకాలూ ఉన్నాయి. కొనేముందు టేపు పట్టుకుని క్యాబినెట్ పైకప్పు కింద ఖాళీ కొలవండి: మామూలు రేడియేటర్ మందం 27, ఫ్యాను 25, మొత్తం 52 మిల్లీమీటర్లు మదర్‌బోర్డు పై అంచుకూ ర్యామ్‌కూ తగలకుండా పట్టాలి. 38 మిల్లీమీటర్ల మందంతో వచ్చే రకాలకైతే 63 కావాలి, అంత చోటు చాలా క్యాబినెట్లలో ఉండదు.