పేటెంట్లు లెక్కపెట్టకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

రాష్ట్ర పరిశోధన విధానం ముసాయిదా రాసే బృందంలో నిన్ను వేశారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. విత్తన పరిశోధనలో తల నెరిసినవాణ్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

'మన దేశం పరిశోధనకు పెట్టేది జీడీపీలో 0.64 శాతమే, కొరియా 4 శాతం దాటింది' అని మొదలుపెట్టకు. అబద్ధమని కాదు, అందరూ అదే రాస్తారు, పైవాళ్లు ఆ పేజీ తిప్పేస్తారు. ఉన్న డబ్బు ఎక్కడ చిక్కుకుంటోందో రాయి.

ముఖ్యంగా పేటెంట్ల సంఖ్యను కొలమానంగా పెట్టనివ్వకు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వరి రకం, అదే ఎంటీయూ 7029, మన డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బీహార్ పొలాలన్నీ చుట్టేసింది. మన పేటెంట్ చట్టం ప్రకారం విత్తనాలకు, పంట రకాలకు పేటెంటు ఇవ్వరు. అంటే మీ పట్టికలో స్వర్ణకు పడేది సున్నా! ఆ రకం ఎన్ని ఎకరాల్లో నిలిచింది, ఎన్నేళ్లు నిలిచింది అన్న గడులు పెట్టించు.

రెండోది గడువు. సంకరం చేసి, తరాల తరబడి ఏరి, పరీక్షలు దాటి, మినీకిట్లు, అంటే వేసి చూడమని ఇచ్చే చిన్న విత్తన సంచులు, రైతు చేతికి వెళ్లేసరికి పదేళ్లు సులువుగా గడుస్తాయి. ప్రాజెక్టు మాత్రం మూడేళ్లకే మంజూరవుతుంది. నిధులు జనవరిలో వస్తాయి, మార్చి 31లోపు ఖర్చయిపోవాలి. వరి ఆ తేదీ చూసి ఈనదు కదా. అదే స్వర్ణకు ఒడిశా నాటు రకంలోని ముంపు తట్టుకునే జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చేర్చారు. స్వర్ణ-సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది, దాదాపు రెండు వారాల ముంపును ఓర్చుకుంటుంది. రకం మనది, జన్యువు మనది, ఓపికగా డబ్బు పెట్టింది బయటివాళ్లు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, నీ నివేదికలో రెండు పేజీలు ఇవ్వు.

రొయ్యల సంగతి ఒక పేరా చాలు. వనామీ అనే విదేశీ రొయ్య రకానికి 2009లో అనుమతి ఇచ్చారు. భీమవరం చుట్టుపక్కల చెరువులు ఇన్ని పెరిగినా, తల్లి రొయ్యల కోసం ఇప్పటికీ ఎక్కువగా విదేశాల వైపే చూస్తున్నాం.

స్టార్టప్‌ల అధ్యాయం మీవాళ్లు ఎలాగూ బాగానే రాస్తారు, అందులో వేలు పెట్టను.

ముసాయిదా ఖాయం చేసేలోగా, సార్వా కోతలప్పుడు మీ డైరెక్టరుగారిని కోనసీమకు తీసుకెళ్లు. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుని నీరు చేలోనే నిలిచిపోతే ఏ రకమైనా ఏం చేస్తుందని అక్కడి రైతు అడుగుతాడు. ఆ ప్రశ్న మీ విధానంలో ఏ శాఖ కిందికి వస్తుందో ముందే తేల్చుకుని వెళ్లండి.

మీ పెదనాన్న