మెడ మీద రంధ్రం, హేకెల్ బొమ్మలు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కడుపులో ఉన్నప్పుడు మనిషికి కొన్నాళ్లు చేపలా మొప్పలుంటాయా? జర్మన్ శాస్త్రవేత్త హేకెల్ గీసిన పిండాల బొమ్మలు తప్పని తేలాక పరిణామ సిద్ధాంతం కూడా తప్పయినట్టేనా? రెండింటికీ నా జవాబు ‘కాదు’ అనే. ఎందుకు కాదో నాకు అర్థమైంది మాత్రం డిగ్రీలో బీజడ్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివినప్పుడు కాదు, మా చిన్నోడి వల్ల.

వాడికి పుట్టుకతోనే మెడ కుడిపక్కన, కింది భాగంలో, గుండుసూది తలంత రంధ్రం ఉండేది. అప్పుడప్పుడు అందులోంచి జిగురునీరు చుక్కలా ఊరి చొక్కా తడిసేది. పెద్దయ్యాక అదే పూడిపోతుందిలే అన్నారు ఇంట్లో. రెండో ఏట అది ఎర్రగా వాచి చీము పట్టింది. మొదట చూసిన డాక్టర్ మామూలు గడ్డ అనుకుని కోసి చీము తీసేశారు. మూడు నెలలకు మళ్లీ వాచింది. చివరికి పిల్లల సర్జన్ స్కాన్ చేయించి ‘బ్రాంకియల్ ఫిస్టులా’ అన్నారు. బయటి రంధ్రం నుంచి లోపల టాన్సిల్ దాకా సన్నటి గొట్టం ఉందట. బ్రాంకియల్ అంటే మొప్పలకు సంబంధించినదని నాకు తెలుసు. నా కొడుక్కి మొప్ప మిగిలిపోయిందా అని ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

మర్నాడు అదే అడిగాను. ఆయన మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. 4వ వారంలో పిండం మెడ దగ్గర వరుసగా మడతలు వస్తాయి. రెండో మడత కిందికి పెరిగి, దాని కిందున్న గాడుల్ని కప్పేస్తుంది. కప్పాక లోపల మిగిలిన ఖాళీ మూసుకుపోవాలి. మావాడికి కొంచెం మూసుకోలేదు. "మొప్ప కాదమ్మా. చేపకు అక్కడ మొప్పలు తయారవుతాయి, మనకు దవడ, చెవిలోని చిన్న ఎముకలు, స్వరపేటిక తయారవుతాయి. మొదలు ఒకటే, దారులు వేరు" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, డిగ్రీ ల్యాబులో 72 గంటల కోడిపిండం స్లైడ్. ఇంత పెద్ద కన్ను, ముందుకు వంగిన తల, దాని కింద ఆ మడతలు. రికార్డులో ‘మొప్ప చీలికలు’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. కోడికి ఏ వయసులోనూ మొప్పలుండవు కదా అని అప్పుడు తోచనే లేదు.

ఎర్నెస్ట్ హేకెల్ 1866లో చెప్పింది, పిండం తన పూర్వీకుల రూపాలన్నీ వరసగా దాటుకుంటూ వస్తుందని. అంటే మనం ఒక దశలో చేపలమే అన్నట్టు. కానీ అంతకు చాలా ముందే, 1828లో, పిండశాస్త్రవేత్త కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేయర్ ఇలాంటి ఊహను కొట్టిపారేశాడు. పిండం ఎప్పుడూ పెరిగిన వేరే జంతువులా ఉండదు, దాని పిండంలా మాత్రమే ఉంటుందన్నాడు. ఆయన దగ్గర స్పిరిట్‌లో దాచిన రెండు చిన్న పిండాలుండేవి. పేరు చీటీలు అంటించడం మర్చిపోయాడు. తర్వాత చూస్తే అవి బల్లులవో, పక్షులవో, పాలిచ్చే జంతువులవో చెప్పలేకపోయాడు. నాకు హేకెల్ సూత్రం కన్నా ఈ సీసాలే ఎక్కువ నేర్పాయి.

ఇక బొమ్మల సంగతి. 1868 నాటి పుస్తకంలో హేకెల్ ఒకే అచ్చు దిమ్మను మూడుసార్లు వాడి కుక్క, కోడి, తాబేలు పిండాలని వేశాడు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉన్న జంతుశాస్త్రవేత్త రూటిమేయర్ అది పట్టుకున్నాడు. నా దృష్టిలో అది క్షమించదగ్గ పని కాదు. 1997లో పిండశాస్త్రవేత్త మైకేల్ రిచర్డ్‌సన్ బృందం అసలు పిండాలను పోల్చి చూసి, హేకెల్ గీసినంత ఒకేలా అవి ఉండవని చూపించింది. కానీ పోలిక అసలు లేదని కాదు. ఆ మడతలు కోడి స్లైడ్‌లో నేను కళ్లారా చూసినవే. పైగా డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో, హేకెల్ సూత్రానికి ఏడేళ్ల ముందు. పిండాల గురించి డార్విన్ ఆధారపడింది వాన్ బేయర్ గమనించిన వాటి మీద. కాబట్టి హేకెల్ బొమ్మలు పోతే పరిణామ సిద్ధాంతానికి పోయేదేం లేదు.

మావాడికి ఆపరేషన్‌లో ఆ గొట్టం మొత్తం తీసేశారు. మెడ మీద ఒకదానిపై ఒకటి రెండు చిన్న గీతలు మిగిలాయి. మీ ఇంట్లో ఎవరి పిల్లలకైనా మెడ పక్కన ఇలాంటి రంధ్రం ఉంటే నొక్కకండి. చీము పట్టేదాకా ఆగకుండా పిల్లల సర్జన్‌కు చూపించండి.