గోదాము చిరునామా పాలసీలో లేదు: వరద నష్టానికి బీమా రాదా?

ప్రశ్న (ఉత్తరం సంక్షిప్తంగా): విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మాకు చీరల దుకాణం ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదలో దుకాణంతో పాటు, పక్క వీధిలో 2023 దసరాకు ముందు అద్దెకు తీసుకున్న గోదాము కూడా మునిగింది. సుమారు 23 లక్షల రూపాయల సరుకు పాడైంది. అందులో 19 లక్షల సరుకు గోదాములోదే. నా భార్య నగలు కుదువ పెట్టి వడ్డీలు కడుతున్నాం, అబ్బాయి చదువు ఆపేశాడు. మాకు క్యాష్ క్రెడిట్ (సరుకు తాకట్టు మీద వ్యాపార రుణం) ఇచ్చిన బ్యాంకు ఏటా ఏప్రిల్‌లో నా ఖాతా నుంచి ప్రీమియం తీసుకుని పాలసీ చేయించేది. బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు రెండుసార్లు గోదాముకు వచ్చి సరుకు చూసి వెళ్లాడు కూడా. పాలసీలో గోదాము చిరునామా లేదంటూ 2025 జనవరిలో బీమా కంపెనీ మొత్తం క్లెయిమును తిరస్కరించింది. పునఃపరిశీలించమని అడిగితే ఫిబ్రవరిలో మళ్లీ అదే జవాబు వచ్చింది. అప్పటి నుంచి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. బుడమేరు గట్లను పట్టించుకోని ప్రభుత్వం మీద కేసు వేయవచ్చా? పాత తేదీతో అద్దె ఒప్పందం రాయించి, దుకాణం, గోదాము ఒకే ఆవరణ అని చూపిస్తే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు పంపిన నాలుగు పేజీల ఉత్తరంలో మీ కేసును నిలబెట్టగల వాక్యం ఒక్కటే ఉంది. అది బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు గోదాముకు వచ్చి సరుకు చూశాడన్న వాక్యం. దానికి మీరు ఒక్క పంక్తి కేటాయించి, గట్ల గురించి రెండు పేజీలు రాశారు. వెలగలేరు రెగ్యులేటరు గేట్లు, బుడమేరుకు పడ్డ గండ్లు, ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన 11.43 లక్షల క్యూసెక్కులు, ఇవన్నీ వరద ఎందుకు వచ్చిందో చెబుతాయి. బీమా ఒప్పందానికి వరద వచ్చిందన్న వాస్తవం చాలు, అది ఎవరి తప్పు వల్ల వచ్చిందన్న ప్రశ్నతో పని లేదు. ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని రుజువు చేసే బరువు మీరు నెత్తిన ఎత్తుకుంటే ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి నడుస్తుంది, ఈలోగా చేతిలో ఉన్న కేసు కాలం చెల్లుతుంది. ఆ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

తేలవలసిన విషయం ఇది: సరుకు గోదాములో ఉందని వరదకు ముందే, ముఖ్యంగా 2024 ఏప్రిల్‌లో పాలసీ పునరుద్ధరించే నాటికే, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలుసా? తెలిసి కూడా పాత చిరునామాతోనే పాలసీ చేయించి ఉంటే సేవాలోపానికి బ్యాంకు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో వేసే మీ ఫిర్యాదులో కంపెనీని మాత్రమే కాక బ్యాంకును కూడా ప్రతివాదిగా చేర్చాలి. బీమా చేయించుకునే బాధ్యత రుణగ్రహీతదేనని బ్యాంకు తప్పకుండా వాదిస్తుంది, రుణ మంజూరు పత్రంలో అలాంటి షరతు ఉండనూ వచ్చు. కానీ ఏటా మిమ్మల్ని అడగకుండానే మీ ఖాతా నుంచి ప్రీమియం తీసి తానే పాలసీ చేయిస్తూ వచ్చిన బ్యాంకు, ఆ పనిని తన మీద వేసుకున్నట్టేనని మనం వాదించాలి. మంజూరు పత్రాన్ని, ప్రీమియం మినహాయింపులు కనిపించే ఖాతా స్టేట్‌మెంట్లను ముందుగా తీసి పెట్టుకోండి.

ఇక సాక్ష్యం సంగతి. క్యాష్ క్రెడిట్ ఖాతాదారు నెలనెలా బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో సరుకు ఎక్కడ ఉందో రాసే గడి ఉంటుంది. 2023 అక్టోబరు నుంచి 2024 ఆగస్టు వరకు మీరు ఇచ్చిన ప్రతి స్టేట్‌మెంటులో ఆ గడిలో ఏముందో చూడండి. అక్కడ గోదాము చిరునామా ఉండి, మీ వద్ద ఉన్న నకలు మీద బ్యాంకు స్వీకరణ ముద్ర ఉంటే సగం పని అయినట్టే. మీ అకౌంటెంటు అలవాటు ప్రకారం పాత నెల కాగితాన్నే దిద్ది ‘దుకాణంలో’ అని రాసి ఉంటే, అది మీకు ఎదురుతిరిగే సాక్ష్యమవుతుంది, అప్పుడు ఫీల్డ్ ఆఫీసరు తనిఖీ నివేదిక మరింత కీలకమవుతుంది. ఆ నివేదిక బ్యాంకు దగ్గరే ఉంటుంది గనుక దాన్ని దాఖలు చేయించమని కమిషన్‌ను కోరాలి. అంతకన్నా ముందు, దాని నకలు ఇవ్వమని బ్యాంకుకు ఈ వారమే స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. జవాబు రాకపోయినా ఆ లేఖ, పోస్టు రసీదు పనికొస్తాయి.

గోదామును జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా నమోదు చేశారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. చేసి ఉంటే ఆ మార్పు తేదీ పోర్టల్‌లో ఉంటుంది, దాన్ని ఎవరూ వెనక్కి జరపలేరు. చేయకపోయి ఉంటే అది మీ అజాగ్రత్తే, గోదాము తీసుకున్న వెంటనే చేయవలసిన పని అది. సరుకు పంపిన వ్యాపారుల ఈ-వే బిల్లులలో (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రాలలో), రవాణా రసీదులలో గోదాము చిరునామాకు దింపినట్టు ఉంటే వాటిని సేకరించండి. వరద తగ్గాక నష్టాల నమోదుకు వచ్చిన సచివాలయ సిబ్బంది మీ గోదాము గురించి ఏం రాసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. తడిసిన బేళ్ల ఫోటోలు ఉన్న ఫోనును మార్చవద్దు, ఫార్మాట్ చేయవద్దు. ఆ ఫోటోలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి.

మీ మిత్రుడి సలహా గురించి నిర్మొహమాటంగా చెబుతున్నాను. పాత తేదీ అద్దె ఒప్పందం జోలికి వెళ్లకండి. స్టాంపు పేపరు వెనుక అమ్మినవారి వరుస సంఖ్య, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, అవే వివరాలు అమ్మకందారు రిజిస్టరులోనూ ఉంటాయి. అవతలి న్యాయవాది ఆ రిజిస్టరును తెప్పించిన రోజున మీరు ఫిర్యాదుదారు స్థానం నుంచి నిందితుడి స్థానానికి మారతారు. మోసం కోసం చేసిన ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అంతకన్నా తక్షణ నష్టం మరొకటి: క్లెయిములో మోసం కనబడితే పాలసీ ప్రయోజనం మొత్తం పోతుందన్న షరతు ఈ పాలసీలన్నిటిలో ఉంటుంది. అంటే గోదాము సంగతి అటుంచి, పాలసీలో చిరునామా స్పష్టంగా ఉన్న దుకాణంలోని నాలుగు లక్షల సరుకుకు న్యాయంగా రావలసిన సొమ్ము కూడా పోతుంది. సరుకు పంపిన వ్యాపారి ఎవరైనా పాత తేదీతో ఇప్పుడు కొత్తగా రాసి ఇస్తానంటే, ఆ బిల్లులకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఆ నాలుగు లక్షల విషయం మీరు గమనించినట్టు లేదు. గోదాము పాలసీలో లేదన్న కారణం గోదాము సరుకుకే వర్తిస్తుంది. దుకాణంలో తడిసిన సరుకును కూడా అదే కారణంతో తిరస్కరించడానికి ఆధారం ఏముంది? తిరస్కరణ లేఖలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత కమిషన్ ముందు కొత్తగా తేవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2016లో గలాడా పవర్ కేసులో, 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో చెప్పింది. నష్టాన్ని అంచనా వేసిన బీమా సర్వేయరు మీద క్రిమినల్ కేసు పెడతానని కూడా ఉత్తరంలో రాశారు. అవసరం లేదు, సర్వేయరు నివేదిక అంతిమం కాదని 2009లోనే ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఫిర్యాదులో దుకాణం సరుకుకు కంపెనీ మీద, గోదాము సరుకుకు కంపెనీ, బ్యాంకుల మీద విడివిడిగా పరిహారం కోరండి. వ్యాపారికి వినియోగదారుడి హోదా లేదని కంపెనీ అంటే, బీమా నష్టాన్ని పూడ్చుకోవడానికే తప్ప లాభార్జనకు కాదన్న 2023 నాటి హర్సోలియా మోటార్స్ తీర్పు ఉంది.

అసలు ప్రమాదం కాలపరిమితిలో ఉంది, మిమ్మల్ని మందలించవలసింది కూడా ఇక్కడే. ‘ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను’ అని ధీమాగా రాశారు. ఉత్తరాలు గడువును ఆపవు. మన తెలుగు వ్యాపారుల కేసే ఉదాహరణ. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసులో 1988 మార్చిలో గోదాములో పొగాకు కాలిపోయింది, ఆ సరుకు మీ సరుకులాగే బ్యాంకు తాకట్టులో ఉంది. ఉత్తర ప్రత్యుత్తరాల తర్వాత 1997లో వారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, వ్యాజ్యకారణం (కేసు వేసే హక్కు) నిప్పంటుకున్న నాడే పుట్టిందని, ఆలస్యంగా రాసిన ఉత్తరాలు, వాటికి కంపెనీ ఇచ్చిన జవాబు దాన్ని పొడిగించవని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ కింద గడువు రెండేళ్లు. తిరస్కరణ తేదీ నుంచి లెక్కించాలని వాదించడానికి అవకాశం ఉన్నా, ఆ వాదన మీద మీ బతుకును పందెం కాయవద్దు. నష్టం జరిగిన 2024 సెప్టెంబరు 1 నుంచే లెక్కపెట్టి, 2026 ఆగస్టు 31 మీకు ఆఖరి రోజు అనుకోండి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, ఉత్తరాలు రాస్తూ కూర్చున్నానన్నది తగిన కారణం కాదు.

ఖర్చు లేకుండా తేలిపోయే మార్గం బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి. హైదరాబాదులోని కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌కు కూడా వర్తిస్తుంది, ఏక యజమాని దుకాణాల ఫిర్యాదులనూ తీసుకుంటుంది. అయితే కంపెనీ తుది జవాబు అందిన ఏడాదిలోగా వెళ్లాలి. ఫిబ్రవరి 2025 జవాబుతో కూర్చుని మీరు ఆ ఏడాదిని పోగొట్టుకున్నారు. సివిల్ కోర్టులో దావాకు తిరస్కరణ నుంచి మూడేళ్ల వ్యవధి ఉంది గానీ కోర్టు రుసుము బరువు ఎక్కువ, దాన్ని వేరే దారి లేనప్పుడే చూడండి.

మీరు వెళ్లవలసింది జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కే. పరిధిని నిర్ణయించేది కోరే పరిహారం కాదు, చెల్లించిన ప్రీమియం, అది 50 లక్షల రూపాయలలోపే ఉంటుంది గనుక పై కమిషన్‌కు వెళ్లనవసరం లేదు. ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు. ముందుగా కంపెనీకి, బ్యాంకుకు 15 రోజుల గడువుతో లాయరు నోటీసు పంపించండి, అయితే జవాబు కోసం ఆ తర్వాత ఒక్క వారం కూడా అదనంగా ఆగకండి. ఈలోగా కంపెనీ కొంత సొమ్ము ఇస్తామని పిలిచి, పూర్తి పరిష్కారం కింద రసీదు మీద సంతకం అడిగితే, ‘అభ్యంతరంతో, మిగిలిన హక్కులకు భంగం లేకుండా’ అని మీ చేతితో రాసి సంతకం చేయండి. అలా రాయడానికి వారు ఒప్పుకోకపోతే అదే రోజు ఆ విషయాన్ని ఈ-మెయిల్‌లో వారికి తెలిపి, దాని నకలు మీ న్యాయవాదికి ఇవ్వండి.