కంప్యూటర్ సైన్స్ వదిలి చరిత్ర చదువుతానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. క్లాసు ప్రాజెక్టు కోసం నొమ్లాకి అనే స్థానిక తెగ చరిత్ర, వాళ్ల కుటుంబాల రికార్డులు వెతకడం మొదలుపెట్టింది. ఇప్పుడు కోర్సు మారి ఈ పనిలోకే వెళ్తానంటోంది. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఇది కాలక్షేపానికి చేసే పని కాదు. ఆ తెగ మీకు దూరంగా కూడా లేదు. ఐ-5 మీద ఉత్తరంగా సుమారు రెండు గంటలు వెళ్తే కార్నింగ్ వస్తుంది. అక్కడ హైవే పక్కన కనిపించే రోలింగ్ హిల్స్ కాసినో పాస్కెంటా నొమ్లాకి బ్యాండ్ (ఆ తెగలో ఒక సమూహం) వాళ్లది. రాంచెరియాలనే చిన్న స్థానిక నివాస భూముల్ని రద్దు చేసిన 1958 నాటి రాంచెరియా చట్టం వల్ల ఆ బ్యాండ్ ప్రభుత్వ గుర్తింపు పోగొట్టుకుంది. 1994లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి తిరిగి ఇచ్చింది. ఇప్పటికీ గుర్తింపు కోసం అర్జీ పెట్టుకుంటున్న తెగలున్నాయి. ఎవరు ఎవరి సంతానమో కాగితాలతో సహా చూపితే తప్ప ఆ అర్జీ ముందుకు కదలదు. మీ అమ్మాయి నేర్చుకుంటున్నది సరిగ్గా ఆ పనే.

అది తేలికైన పనీ కాదు. 1854లో టెహామా కౌంటీ కొండల దగ్గర నోమ్ లాకీ రిజర్వేషన్, అంటే స్థానికుల్ని ఉంచడానికి కేటాయించిన ప్రాంతం, పెట్టారు. పదేళ్లు తిరక్కుండానే దాన్ని ఎత్తేసి, అక్కడివాళ్లను పడమటి కొండలు దాటించి రౌండ్ వ్యాలీకి తరలించారు. అక్కడ యూకి, వైలాకి, కొంకౌ అనే వేరే తెగల వాళ్లతో కలిపి ఉంచారు. కొందరు గ్రైండ్‌స్టోన్ అనే చోటి వైపు ఉండిపోయారు. తెల్లవాళ్ల పశువుల క్షేత్రాల్లో (రాంచ్‌లలో) పనికి కుదిరిన వాళ్లకు యజమాని ఇంటిపేరే అంటుకున్న సందర్భాలున్నాయి. 1850 నాటి రాష్ట్ర చట్టం స్థానిక పిల్లల్ని తెల్లవాళ్ల దగ్గర పనికి కట్టిపడేయనిచ్చింది. ఆ ఒప్పందాల కోసం కౌంటీ కోర్టు దస్తావేజులు వెతకాలి. కాబట్టి ఒకే మనిషి ఒక జాబితాలో ఒక పేరుతో, ఇంకో జాబితాలో మరో పేరుతో దొరకవచ్చు. తెగ పేరు రాయాల్సిన చోట నొమ్లాకి అని కాక, వాళ్లు కూడా చేరే పెద్ద సమూహం పేరు ‘వింటున్’ అని మాత్రమే ఉండొచ్చు.

ఆమె మొదట పట్టుకోవాల్సింది 1928 చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తులు. 1851–52లో కాలిఫోర్నియా తెగలతో భూముల గురించి కుదిరిన 18 ఒప్పందాలను అమెరికా సెనేట్ ఆమోదించలేదు. పోయిన ఆ భూములకు పరిహారం కోసం దావా వేయడానికి అర్హుల జాబితా తయారుచేశారు. 1852 జూన్ 1 నాటికి తమ పూర్వీకులు కాలిఫోర్నియాలో ఉన్నారని ప్రతి దరఖాస్తుదారూ చూపించాలి. అందుకే తల్లిదండ్రులు, తాతముత్తాతల పేర్లు, ఊళ్లు అందులో ఒక్కచోట దొరుకుతాయి. గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్న పేర్లు కనక, వాటిని 1900, 1910 జనగణనల్లో అమెరికా స్థానికుల (‘ఇండియన్’) కోసం వేసిన ప్రత్యేక పట్టికలతోనూ, రౌండ్ వ్యాలీ ఏజెన్సీ అనే ప్రభుత్వ కార్యాలయం జాబితాలతోనూ సరిచూసుకోవాలి. ఇంత ఓపిక ఉన్న పిల్ల దొరకడం అరుదు, ఆ మాట ఆమెతో మీరే చెప్పండి.

ఉద్యోగాలున్నాయి, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని లేవు, జీతం కూడా అంత రాదు. తెగల చారిత్రక పరిరక్షణ కార్యాలయాలు, ఆర్కైవ్స్, మ్యూజియాలు ఇలాంటి వాళ్లను తీసుకుంటాయి. 1990 చట్టం ప్రకారం అస్థికల్నీ పవిత్ర వస్తువుల్నీ తెగలకు తిరిగి అప్పగించాల్సిన విశ్వవిద్యాలయాల్లోనూ ఆ పనికి మనుషులు కావాలి. ఆర్కైవ్స్ వైపు వెళ్లాలంటే లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ తప్పనిసరి అనుకోండి. శాన్ హోసే స్టేట్‌లో అది ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. ఫెడరల్ ఉద్యోగాలకు మాత్రం దాదాపు అన్నిచోట్లా పౌరసత్వం అడుగుతారు.

అసలు చిక్కు వీసా దగ్గర ఉంది. ఆమె మీ హెచ్-1బి మీద డిపెండెంట్‌గా ఉంటే 21 నిండాక ఆ హోదా ఉండదు. విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలంటే ఆ తేదీకి చాలా ముందే లాయర్‌ని కలవండి. ఎఫ్-1 మీద చరిత్ర డిగ్రీకి ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి, 12 నెలలే. కంప్యూటర్ సైన్స్‌కి మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. ఈ ఒక్క కారణంతో నేను కోర్సు మార్చవద్దంటాను. కంప్యూటర్ సైన్స్ ఉంచుకుని చరిత్రను రెండో మేజర్‌గా తీసుకోమనండి. చేతిరాత జాబితాల్ని డేటాబేస్‌గా మార్చడం వచ్చినవాళ్లు ఈ రంగానికి బాగా అవసరం. ఎఫ్-1కి మారాక యూనివర్సిటీ లైబ్రరీ ప్రత్యేక సేకరణల విభాగంలో విద్యార్థి సహాయకురాలిగా చేరితే, మాస్టర్స్‌కి వెళ్లే ముందే ఆ పని తనకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పండి. దొరికిన వంశవృక్షాలేవీ ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. అవి బతికున్న కుటుంబాలవి. తెగ సభ్యత్వ రికార్డులు తెగవే, బయటివాళ్లు అడిగితే ఇచ్చేవి కావు. ముందు తెగ కార్యాలయానికి ఉత్తరం రాసి, తను ఎవరో, ఏం వెతుకుతోందో, దొరికింది వాళ్లకే ఎలా అందజేస్తుందో చెప్పి అనుమతి అడగాలి. వాళ్లు వద్దంటే ఆ భాగం అక్కడితో వదిలేయాలి. ఉత్తరం పంపేముందు ఆమె ప్రొఫెసర్ ఒకసారి చదివి చూస్తే మంచిది.