6.3 వచ్చిందక్కా, ఇక నా ఫార్మసీ అయిపోయినట్టేనా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది సోంపేట దగ్గర పల్లె, నాన్న జీడితోటల్లో పనికెళ్తారు. నేను విజయనగరం దగ్గర హాస్టల్లో ఉండి బీఫార్మసీ చదువుతున్నా, ఇప్పుడు మూడో సెమిస్టర్ నడుస్తోంది. ఇంటర్లో బాగానే వచ్చాయి, ఇక్కడికొచ్చాక ఫస్టియర్ సీజీపీఏ పదికి 6.3, రెండో సెమ్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పోయింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నా రూమ్మేట్‌కి 8.9. సీనియర్లేమో మార్కులెవరూ చూడరు సర్టిఫికెట్ ఉంటే చాలంటారు, లెక్చరర్లేమో 8 లేకపోతే ఎవరూ పిలవరంటారు. ఎవరి మాట నమ్మాలక్కా?

జవాబు: చెల్లీ, ముందు ఇంట్లో చెప్పేయ్. మీ నాన్నగారికి సీజీపీఏ అంటే ఏంటో తెలీకపోవచ్చు కానీ కూతురు ఫోన్లో పొడిపొడిగా మాట్లాడుతోందని మాత్రం ఆయనకి ఈపాటికే తెలిసిపోయుంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆ 6.3లో నీ ఆర్గానిక్ సున్నా కింద పడి ఉంది. ఫార్మసీ కౌన్సిల్ రూల్ ప్రకారం ఆ పేపర్ పాసయ్యాక సీజీపీఏలో కొత్త గ్రేడే కనిపిస్తుంది, పాత ఫెయిల్ లెక్కలోకి రాదు. ఆర్గానిక్ థియరీకి 4 క్రెడిట్లు, ఫస్టియర్ మొత్తం 56కి అటూఇటూగా ఉంటాయి. నువ్వు 60 పైన తెచ్చుకుంటే సి గ్రేడ్, అంటే 7 పాయింట్లు, 4 ఇంటూ 7 అంటే 28, దాన్ని 56తో భాగిస్తే అర పాయింటు, అంటే ఒక్క పేపర్‌తో 6.3 కాస్తా 6.8 అవుతుంది. నువ్వు ఇన్నాళ్లూ రాత్రిళ్లు ఏడ్చింది ఆ ఒక్క పేపర్ కోసం. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో, మొదటి రెండు సెమిస్టర్ల పేపర్లన్నీ క్లియర్ కాకపోతే అయిదో సెమ్‌లో కూర్చోనివ్వరు, అంటే నీకు ఈ ఏడాదే టైమ్ ఉంది, ఆర్గానిక్-2 ఇప్పుడే చదువుతున్నావు కాబట్టి రెండూ కలిపి చదువు, ఒకటి అర్థమైతే రెండోది సగం అర్థమైనట్టే.

ఇక మార్కులెవరూ చూడరన్న మాట, అది అబద్ధం, నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా. నాకు డిగ్రీలో 58 శాతం వచ్చింది. పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో ఇంటర్వ్యూ అంటే శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పొద్దున్నే ఆరింటికి బస్సెక్కి వెళ్లా, ఫైల్ తెరిచి మార్కుల మెమో చూసి 60 పైన ఉన్నవాళ్లకే అని అక్కడే పక్కన పెట్టేశారు, నాకేం వచ్చో ఏం రాదో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ రెండు శాతం ఎక్కడ పోయిందో నాకు తెలుసు, సెషనల్స్‌ని, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షల్ని, లెక్కచేయకుండా వదిలేసిన చోట పోయింది. ఆ రోజు తిరుగు బస్సులో పడిన బాధ నువ్వు పడకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

కటాఫ్ గీతలు ఎక్కడెక్కడున్నాయో విను. ఎంఫార్మసీకి 55 శాతం కావాలి. నైపర్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థల్లో, చేరాలంటే జనరల్ వాళ్లకి 60 శాతం లేదా 6.75 సీజీపీఏ ఉండాలి, ఫార్మసీ పీజీకి రాసే జాతీయ పరీక్ష జీప్యాట్ కూడా క్వాలిఫై అవ్వాలి. 7.5 దాటితే డిస్టింక్షన్. జీప్యాట్‌లో మాత్రం నీ సీజీపీఏ ఎవరూ అడగరు, 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత, అంతే. క్వాలిఫై అయ్యి ఎంఫార్మసీలో చేరితే నెలనెలా స్టైపెండ్ కూడా రావచ్చు, నాన్న మీద భారం పడకుండా పీజీ చదవడానికి మనలాంటి ఇళ్ల పిల్లలకి ఇదే పెద్ద ఆసరా. గవర్నమెంట్ ఫార్మసిస్ట్ పోస్టుల సంగతి వేరు, మన జిల్లాల్లో వేసే కాంట్రాక్ట్ నోటిఫికేషన్లలో మెరిట్ లిస్టు వేసేటప్పుడు ఎక్కువ వెయిటేజీ క్వాలిఫయింగ్ పరీక్ష మార్కులకే ఉంటుంది, అక్కడ అర శాతం తేడాతో కూడా పేరు కిందకి జారిపోతుంది. కాబట్టి పీహెచ్‌సీలోనో ఏరియా ఆస్పత్రిలోనో పని చెయ్యాలని నీకు ఉంటే ప్రతి మార్కూ లెక్కే. కంపెనీకి వెళ్తానంటే ఒక గీత దాటాలి, దాటాక 6.9 అయినా 8.9 అయినా లోపల అడిగే ప్రశ్నలు ఒకటే.

ఆ ప్రశ్నలేంటో కూడా చెప్తా. తర్వాత వేరే కంపెనీలో క్యూసీకి, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగానికి, ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నన్ను మొదట అడిగింది, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ లీటరు ఎలా తయారుచేస్తావమ్మా అని. కాన్సన్‌ట్రేటెడ్ యాసిడ్ ఎనిమిదిన్నర ఎంఎల్ తీసుకుని నీళ్లలో కలిపి లీటరుకి మేకప్ చేస్తానని చెప్పా. ఎనిమిదిన్నరే ఎందుకన్నారు, పేపర్ తీసుకుని లెక్కేసి చూపించా. యాసిడ్‌లో నీళ్లు పోస్తావా నీళ్లలో యాసిడ్ పోస్తావా అన్నారు. ఇదంతా ఫస్ట్ సెమ్ అనాలిసిస్ ల్యాబే. నా ముందు వెళ్లినమ్మాయికి నాకంటే చాలా ఎక్కువ పర్సంటేజీ, బయటికొచ్చి ల్యాబ్‌లో సొల్యూషన్లు ఎప్పుడూ అటెండరే కలిపి పెట్టేవాడక్కా అని నా పక్కన కూర్చుని ఏడ్చింది. అందుకే రేపట్నుంచి ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ నువ్వు పట్టుకో, రికార్డు ఎవరి దగ్గరా కాపీ కొట్టకు.

ఇంకొక్క విషయం, ఇది నీకే చెప్పాలి, ఎందుకంటే నువ్వు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం పిల్లవి. ఆ క్యూసీ ఉద్యోగం మానేశాక కొన్నాళ్లు పలాసలో ఒక మెడికల్ షాపు కౌంటర్లో చేశాను. ఒకరోజు మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చి మోకాళ్లు పీకేస్తున్నాయి అమ్మా, మొన్న ఇచ్చిన నొప్పి గోళీ పది ఇయ్యి అంది. పాదాలు చూస్తే ఉబ్బున్నాయి. కిందకి వంగి బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. సంచిలో రిపోర్టులు ఉన్నాయా మామ్మా అంటే ప్లాస్టిక్ కవర్ తీసిచ్చింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.2 ఉంది, చాలా ఎక్కువ. ఆవిడ అడిగింది డైక్లోఫెనాక్. కిడ్నీకి రక్తం తెచ్చే నాళాల్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లు, ఈ గోళీ వాటినే ఆపేస్తుంది, బాగున్న కిడ్నీ అయితే తట్టుకుంటుంది, ఆవిడది తట్టుకోలేదు. గోళీ ఇవ్వలేదు, వాళ్లబ్బాయికి ఫోన్ చేయించి అదే సాయంత్రం డాక్టర్ దగ్గరికి పంపాను. నువ్వు రెండో సెమ్ పాథోఫిజియాలజీలో చదివింది, తర్వాత ఫార్మకాలజీలో చదవబోయేది ఇదే చెల్లీ. పరీక్షలో అది అయిదు మార్కుల ప్రశ్న, దానికి మూడే వచ్చినా పర్లేదు, కానీ అర్థం చేసుకోకుండా దాటేస్తే మాత్రం రేపు మీ ఊళ్లోనే ఎవరో ఒక మామ్మ చేతికి ఆ గోళీలు వెళ్లిపోతాయి. నీ రూమ్మేట్ 8.9 చూసి కుళ్లుకోకుండా ఆ అమ్మాయి పక్కనే కూర్చుని ఆర్గానిక్ మెకానిజమ్స్ చెప్పించుకో, చెప్పేవాళ్లకి కూడా దాంతో ఇంకా బాగా వస్తుంది. సప్లీ రిజల్ట్ వచ్చాక నాకు మళ్లీ రాయి, ఎదురుచూస్తుంటా.

ప్రశ్న: మేడమ్, నేను సెకండియర్ బీఫార్మసీ. సాయంత్రాలు మెడికల్ షాపులో చేస్తున్నా, రాత్రి లేటయి పొద్దున క్లాసులు పోతున్నాయి. అటెండెన్స్ 78 ఉంది. ఇంటర్నల్స్ తక్కువొచ్చినా మెయిన్ పరీక్ష బాగా రాస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు నాన్నా. 80 శాతం లేకపోతే అసలు పరీక్షే రాయనివ్వరు, ముందు అది దాటించు. థియరీలో 25 ఇంటర్నల్స్, అందులో 15 సెషనల్స్‌వి, మిగతా 10లో అటెండెన్స్‌కే 4, అవి 95 దాటినవాళ్లకి మొత్తం, 80 నుంచి 84 మధ్య ఉంటే ఒక్కటే. 80 దాటించి అక్కడే ఆగినా పేపర్‌కి మూడు మార్కులు ఊరికే పోతాయి, నాలుగు పేపర్లుంటే పన్నెండు. సెషనల్ తగ్గితే ఒక్కసారి ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు, అటెండెన్స్‌కి అలాంటిదేం లేదు. షాపు మానెయ్యమని చెప్పను, ఇంట్లో ఆ డబ్బు అవసరమై ఉంటుంది, కౌంటర్లో బ్రాండ్ పేర్లు, డోసులు నీకు వచ్చేసినంత మీ క్లాసులో ఎవరికీ వచ్చి ఉండవు కూడా. ఓనరు గారితో కూర్చుని మాట్లాడు, పరీక్షల నెలల్లో ఎనిమిదింటికే వదిలేసి ఆదివారం ఎక్కువసేపు ఉంచుకోమని అడుగు. చాలామంది ఒప్పుకుంటారు, అడగకపోవడం వల్లే కుదరదనుకుంటాం.