హిరోషిమాలో ఆ చిన్న సైకిలు

ప్రశ్న: ఇటీవల జపాన్ వెళ్లినప్పుడు, హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో తుప్పుపట్టిన మూడు చక్రాల సైకిలు ముందు నిలబడి ఏడుపు ఆపుకోలేకపోయాను. దాని కథ ఏమిటి? ఇంత వేదన కలిగించే వస్తువులను ప్రదర్శనకు పెట్టడం సబబేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 1945 ఆగస్టు 6 ఉదయం 8.15 గంటలకు అణుబాంబు పేలినప్పుడు, నాలుగేళ్లయినా నిండని ఒక బాబు ఇంటి ముందు ఆ సైకిలు తొక్కుకుంటున్నాడు. ఆ రాత్రే కన్నుమూశాడు. అంత పసివాణ్ని ఎక్కడో శ్మశానంలో ఒంటరిగా వదిలిరావడానికి మనసొప్పని తండ్రి, పెరట్లోనే పూడ్చిపెట్టి, వాడు ప్రాణంగా చూసుకున్న సైకిలును కూడా పక్కనే ఉంచాడు. నలభై ఏళ్ల తరువాత, 1985లో, అస్థికలను కుటుంబ సమాధికి తరలించినప్పుడు సైకిలును మ్యూజియానికి అప్పగించాడు.

సబబేనా అన్నారు. ముమ్మాటికీ సబబే. అక్కడ ఉన్న వస్తువుల్లో చాలావాటిని కన్నవాళ్లూ తోబుట్టువులే, తమవారి బాధ నలుగురికీ తెలియాలని ఇచ్చారు. వైమానిక దాడులు జరిగితే అగ్గి వ్యాపించకుండా ముందుగానే ఇళ్లు కూల్చే పనికి ఆ ఉదయం వేలాది బడిపిల్లలను పంపారు. వారిలో ఒకరి టిఫిన్ డబ్బా, తినకుండానే మాడి బొగ్గైన తిండితో సహా, అక్కడే ఉంది. ఆ ఏడాది చివరికి సుమారు 1,40,000 మంది చనిపోయారని, వారిలో వేలాది కొరియన్లూ ఉన్నారని చదివితే బుర్రకు మాత్రమే ఎక్కుతుంది. ఆ డబ్బాను చూస్తే, బిడ్డకు అన్నం సర్దిపెట్టిన తల్లి గుర్తుకొస్తుంది. మీ కన్నీళ్లకు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చిన్నపిల్లలతో వెళ్లేవారు మాత్రం ఏం చూడబోతున్నామో ముందే వారికి చెప్పి తీసుకెళ్లడం మంచిది.